‘థీబ్’ చిత్రమునందలి భాష

జోర్డానుదేశపు వాదీ రమ్ ఎడారి చిరకాలము పరదేశీయుల చిత్రములకు రంగస్థలము మాత్రమే. 1962 నాఁటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ యందుఁ గానవచ్చునది యదియే. 2003లో నచట రాయల్ ఫిల్మ్ కమిషను స్థాపితమై దేశీయ యువకులకు శిక్షణ మొసఁగసాఁగెను. నాజీ అబూ నొవార్ 2014 నాఁటి ‘థీబ్’ను నిర్మించుచు నటన యెఱుఁగని బెదూయినులకే నెలలతరబడి నేర్పి పాత్రల నిచ్చెను. భాషయు వారిదే, వ్యాకరణసిద్ధమైన ప్రౌఢారబ్బీ గాదు. శబ్దశాస్త్రమున ముప్పది యేండ్లు గడపిన నాకు మొదట నిది రుచింపలేదు. కాని 1916 నాఁటి యెడారిబాలుఁడు పండితభాషఁ బలికినచో నెవ్వరు నమ్ముదురు? పాత్రభేదమును బట్టి ప్రాకృతములను విధించినవారు మన లాక్షణికులే గదా! 2016లో నీ చిత్రము ఆస్కారు తుదిపోటీఁ జేరెను. ఆంగ్లాధికారి పాత్ర పలుచన. బాలుఁడు నూతినుండి యొంటిగాఁ బైకి నెగఁబ్రాకు ఘట్టము మాత్రము మఱపునకు రాదు.