గీత పోయినా మిగిలే హ్యాండిల్

మ్యాట్‌ల్యాబ్‌లో ప్లాట్ ఆదేశంతో గీసిన గీత తెర మీది బొమ్మ మాత్రమే కాక, తన రంగునూ మందాన్నీ బిందువుల విలువలనూ తనలోనే ఉంచుకొనే ఒక గ్రాఫిక్స్ ఆబ్జెక్ట్ కూడా. చలరాశిలో ఉండేది ఆ ఆబ్జెక్ట్ కాదు, దానిని చేరుకోవడానికి పనికివచ్చే హ్యాండిల్ మాత్రమే. తొలగింపులో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే పుడతాయి.

డిలీట్ ఆదేశం ఆబ్జెక్ట్‌ను నాశనం చేస్తుంది గాని చలరాశిని తాకదు. క్లియర్ ఆదేశం చలరాశిని తుడిచివేస్తుంది గాని గీత తెర మీద చెక్కుచెదరక నిలుస్తుంది. ఇల్లు కూలిన తరువాత కూడా తాళంచెవి జేబులో మిగిలినట్లు, డిలీట్ తరువాత చలరాశిలో చెల్లని హ్యాండిల్ మిగిలి ఉంటుంది కనుక, ఈజ్‌ఎంప్టీతో పరీక్షిస్తే అది ఖాళీ కాదనే జవాబు వస్తుంది. ఆ జవాబును నమ్మి రంగు మార్చబోతే ప్రోగ్రామ్ దోషంతో ఆగిపోతుంది. హ్యాండిల్ చెల్లుతుందో లేదో అడగవలసింది ఈజ్‌వాలిడ్‌ను.

2014లో వెలువడిన ఆర్2014బి వెర్షన్‌కు ముందు హ్యాండిళ్లు వట్టి సంఖ్యలే కావడం వల్ల, లెక్కలో ఎక్కడో తేలిన 1 అనే విలువ పొరపాటున డిలీట్‌కు అందితే, ఒకటో ఫిగర్ విండో మొత్తం మాయమయ్యే అవకాశం ఉండేది. ఆ వెర్షన్‌తో హ్యాండిళ్లు ఆబ్జెక్టులయ్యాయి. అయినా గ్రాఫిక్స్ హ్యాండిల్ చెల్లుతుందో లేదో చూసే మరో ఆదేశం ఈజ్‌గ్రాఫిక్స్ నేటికీ సంఖ్యలను ఒప్పుకొంటుంది, ఒకటో ఫిగర్ తెరచి ఉంటే 1 కూడా చెల్లుతుందనే చెబుతుంది. పైగా డిలీట్‌కు హ్యాండిల్ బదులు అక్షరాల వరుస (స్ట్రింగ్) అందితే, అది దానిని ఫైలు పేరుగా తీసుకొని డిస్కు మీది ఫైలునే చెరిపివేస్తుంది. ఇంత భిన్నమైన రెండు పనులకు ఒకే ఆదేశాన్ని కేటాయించడం మెచ్చదగిన నిర్ణయం కాదు.

అసలు కష్టం టైమర్ల దగ్గర వస్తుంది. నిర్ణీత వ్యవధికొకసారి గీతను నవీకరించే టైమర్ నడుస్తుండగా వినియోగదారుడు విండోను మూసివేస్తే, దానితోపాటు అందులోని అక్షాలూ గీతలూ నశిస్తాయి గాని, టైమర్ మాత్రం మిగిలే ఉండి, తరువాతి వంతు రాగానే లేని గీత కోసం వెతికి దోషం చూపుతుంది. టైమర్‌ను ఆపే పనిని విండో క్లోజ్‌రిక్వెస్ట్‌ఫంక్షన్‌లో ఉంచడం వాడుకలో ఉన్నదే అయినా, అది క్లోజ్ ఆదేశానికి పలుకుతుంది గాని నేరుగా డిలీట్ చేసినప్పుడు పలకదు. రెండు సందర్భాల్లోనూ నడిచేది డిలీట్‌ఫంక్షన్ కాబట్టి ఆ పని అక్కడ ఉండడమే క్షేమం.

ఇతరులు గీసినవి పోకుండా ఉండాలంటే, అక్షాల్లోని గీతలను మూకుమ్మడిగా తుడిచే సీఎల్ఏను వదిలి, సొంత గీతలకు ట్యాగ్ పెట్టి ఫైండ్ఆబ్జ్‌తో వెతికి వాటినే తొలగించాలి. ఏ విండోలో వెతకాలో చెప్పకపోతే ఫైండ్ఆబ్జ్ తెరచి ఉన్న విండోలన్నింటినీ గాలిస్తుంది. ఇక కదిలే బొమ్మల్లో ప్రతిసారీ పాత గీతను తీసివేసి కొత్తది గీయడం అనవసరం. ఉన్న గీతలోనే ఎక్స్‌డేటా, వైడేటా విలువలను మార్చితే బొమ్మ వేగంగా కదులుతుంది, హ్యాండిల్ కూడా చెల్లుబాటులోనే ఉంటుంది.