ఛాంబరు పెద్దదైతే చాలునా?

కారు ఇంజను అడుగున ఆయిలు నిలువవుండే తొట్టిని మెకానిక్కులు ఛాంబరు అంటారు. రేసు ట్రాకుపై నడపదలచినవారు కొందరు దీనిని తీసివేసి ఇంకా పెద్దది బిగిస్తారు. పెద్దదైతే ఇంజనుకు రక్షణ అనే వాదం సగమే నిజం.

ఛాంబరులో మునిగివున్న గొట్టం గుండా పంపు ఆయిలును పీల్చి బేరింగులకు అందిస్తుంది. మలుపులో ఆయిలు బయటివైపుకు ఒరుగుతుంది. వేగపు వర్గాన్ని మలుపు వ్యాసార్ధంతోను, గురుత్వ త్వరణంతోను భాగిస్తే వచ్చేది ఆ వాలు కోణపు టాంజెంటు.

నాగర్‌కర్నూలు జిల్లా మన్ననూరు నుండి శ్రీశైలం పోయే దారిలో 30 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు ఒకటి ఉన్నదనుకొందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగాన వాలు సుమారు 13 డిగ్రీలే. 60 కిలోమీటర్ల వేగాన 43 డిగ్రీలు! రోడ్డుపై అది ప్రమాదం. రేసు ట్రాకుపై మామూలు. అప్పుడు గొట్టం తేలిపోయి గాలిని పీల్చవచ్చు. ఆయిలు అందని బేరింగులు త్వరలోనే పాడవుతాయి.

సూత్రంలో ఆయిలు పరిమాణం లేదు గదా! ఎంత పోసినా కోణం మారదు. లోతు పెరిగితే గొట్టం మునిగివుండే అవకాశం కొంత హెచ్చుతుంది, అంతే. అసలు రక్షణ ఛాంబరులోని అడ్డుపలకలది, గొట్టం వైపుకే తెరుచుకొనే చిన్న తలుపులది. అవి ఆయిలును పారిపోనివ్వవు.

గద్వాల, వనపర్తి రోడ్లపై తిరిగే కారుకు ఈ మార్పు అనవసరం. పైగా కిందికి దిగిన ఛాంబరు స్పీడు బ్రేకరుకు తగిలి పగిలితే, లేని ఆపదను డబ్బిచ్చి కొన్నట్లే.