రేగడికి పుట్టినిల్లు ఒక్కటియేనా?

ఆంగ్లగ్రంథములలోని ‘రేగర్’ మన రేగడయే. ఆ నేల దక్కను లావాశిలనుండి పుట్టినదని పాఠ్యపుస్తకములు వ్రాయుచుండును. ఇది సగము సత్యము. తెలుగువారు తరతరములుగా దున్నుచున్న కోవిల్‌పట్టి ‘కరిసల్’ నేల నైసుశిలపై నున్నది. అచ్చట లావా లేదు.

నూటికి 30 పాళ్లకు తగ్గని బంకమన్ను, విచ్చి మూసికొను నెఱ్ఱెలు, లోపల నునుపుదేరిన జారుడుతలములు – ఇవి వెర్టిసాల్ అను వర్గమునకు నేటి శాస్త్రజ్ఞులు చెప్పు గుర్తులు. మేలైనవే, కాని పరీక్షనాళికలోని మన్ను తన పుట్టుచోటు చెప్పదు. దక్షిణదేశమున పలుచోట్ల ఒకే శిలపై మిట్టన ఎఱ్ఱనేల, పల్లమున నల్లనేల కానవచ్చును. మిట్టనుండి దిగిన సున్నము, చాలీచాలని వానలవలన కడిగిపోక, పల్లమున నిలిచి ఆ బంకమన్ను ఏర్పడుటకు తోడ్పడినది. నలుపును చూచి సేంద్రియసారము మెండని తలచుటయు పొరపాటే.

మహారాష్ట్ర రేగడికి నైరృతివాన ఆధారము, కోవిల్‌పట్టికి ఈశాన్యవాన. ప్రయోగశాలలో రెండును ఒకటిగా దోచినను విత్తుకాలము వేఱు. ఒకచోటి సలహా రెండవచోట చెల్లదు.