మంచులో నిలిచిన కొట్టాలు

అమెరికాలోని ఉత్తర డకోటా మైదానంలో డిసెంబరు చివరి రోజుల్లో సూర్యుడు నడినెత్తికి రాడు. మిట్టమధ్యాహ్నం కూడా ఇరవై డిగ్రీల ఎత్తు దాకా ఎక్కి, అక్కడినుంచే దిగిపోతాడు. ముప్పై అడుగుల గోడ నీడ ఎనభై అడుగుల పైచిలుకు పారుతుంది. ఆ ఏటవాలు వెలుతురులో, ఏళ్ళ కిందట మనుషులు వదిలేసిన పాత బార్న్‌ని ఫొటో తీస్తే ప్రతి పలక అంచూ, ప్రతి మేకు తలా తన నీడను వెంటబెట్టుకుని పడుతుంది. నడివేసవి మిట్టమధ్యాహ్నం అదే గోడ చప్పగా ఉంటుంది. రోజు పొడుగునా సాయంకాలపు వెలుగే దొరకడం శీతాకాలం చేసే మొదటి ఉపకారం.

బార్న్ అంటే మన పశువుల కొట్టం ఒక్కటే కాదు. కింద గుర్రాలు, పాడి ఆవులు; పైన అటక నిండా ఎండుగడ్డి; ఒక్కోచోట పక్కనే ధాన్యపు గదీ. నెలల తరబడి నేల మంచు కింద ఉండే చోట అన్నిటికీ ఒకే కప్పు. ఆ కప్పులో గడ్డికి ఎక్కువ చోటు చిక్కాలని వాలును మధ్యలో విరిచారు: పైభాగం మెల్లగా వాలుతుంది, కిందిభాగం దాదాపు నిటారుగా దిగుతుంది. శిఖరం దగ్గర చూరు పక్షిముక్కులా ముందుకు పొడుచుకొస్తుంది. గడ్డిమోపుల్ని గిలకతో పైకి లాగి అటకలోకి చేర్చడానికి ఆ ఏర్పాటు. కట్టినవాడు అందం గురించి ఆలోచించి ఉండకపోవచ్చు. గడ్డి గురించీ గాలి గురించీ ఆలోచించాడు. వాడి లెక్క ఇవాళ మనకు రేఖగా కనిపిస్తోంది.

ఆ రేఖను బయటపెట్టేది మంచే. బార్న్ చుట్టూ ఎండిన కలుపూ, తుప్పు పట్టిన పనిముట్లూ, తీగల చుట్టలూ, విరిగిన బళ్ళూ పడుంటాయి. ఒక్క రాత్రి మంచు కురిస్తే అన్నీ మాయం. మబ్బు పట్టిన రోజైతే ఆకాశం, నేల ఒకే తెలుపులో కలిసిపోయి క్షితిజమే చెరిగిపోతుంది. అప్పుడు కట్టడం తన ఆకారం తప్ప మరో తోడు లేకుండా మిగులుతుంది. గాలి మంచును తెచ్చి ఒకవైపు మేట వేస్తుంది, గోడ మొదట్లో మాత్రం తవ్వినట్టు పల్లం వదులుతుంది. ఆ పల్లపు అంచు వంపు, కప్పు విరుపు ఒకే ఫ్రేములో పడితే చిత్రకారుడు గీసినా అంత కుదురుగా రాదు.

ఇక కొయ్య రంగు. రంగు వెయ్యని పలకల్లోని లిగ్నిన్ అనే బంధక పదార్థాన్ని ఎండ విరగ్గొడుతుంది, వాన కడిగేస్తుంది. పైపొరలో మిగిలినది వెండి బూడిద రంగు తేలుతుంది. వసంతంలో పెరిగిన మెత్తని చారలు ముందు అరుగుతాయి, గట్టి చారలు ఉబ్బి నిలుస్తాయి. చెట్టు వయసు వేలికి తగిలేలా పైకి తేలుతుందన్నమాట. పాత బార్న్‌ల ఎరుపు ఐరన్ ఆక్సైడును అవిసె నూనెలో కలిపి పూసింది. అది వెలిసి, పగుళ్ళలో మాత్రం మిగిలి, తెల్లని మంచు పక్కన కనిపించినప్పుడు నలుపు తెలుపుల వ్రతం పట్టిన ఫొటోగ్రాఫరు కూడా ఒక క్షణం తడబడాలి. నా ఓటు ఇప్పటికీ నలుపు తెలుపులకే, ఆ ఎరుపు విషయంలో తప్ప.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసేది లోపలి దృశ్యం. పలకల మధ్య సందుల్లోంచి సన్నటి మంచుపొడి లోపలికి జల్లి, నేలమీద తెల్లని గీతలు పడతాయి. అవే సందుల్లోంచి ఉదయపు ఎండ వచ్చి మరో వరస గీతలు వేస్తుంది. గాలి దిక్కు వేరు, సూర్యుడి దిక్కు వేరు గనక రెండు వరసలూ ఒకదాన్నొకటి కోస్తాయి. దీన్ని ఎవరూ అమర్చలేరు. గడప దాటకుండానే తీయాలి. లోపలి నేల పుచ్చి ఉండొచ్చు, ఆవరణలో పాతబావి మంచు కింద దాగి ఉండొచ్చు. పైగా మనుషులు లేకపోయినా ఆ స్థలానికి యజమాని ఉంటాడు.

ఇలాంటి ఫొటో చూసినవాళ్ళు సాధారణంగా అయ్యో అంటారు. నాకు ఆ మాట రాదు. మన ఆలంకారికుల లెక్కలో భావం ఎవరిని పట్టుకుని పుడుతుందో ఆ వ్యక్తి ఆలంబన. దాన్ని రగిలించే వెన్నెల, తోట, వాన ఉద్దీపనలు. ఈ చిత్రాల్లో ఉన్నదంతా ఉద్దీపనే: చలి, తెలుపు, ఒరిగిన గోడ, తలుపు లేని ద్వారం. ఆలంబన ఫ్రేములోంచి వెళ్ళిపోయింది. పోయినవాడెవడో తెలియనప్పుడు శోకం ఎవరిమీద నిలుస్తుంది? నిలిచేది విస్మయం. కప్పు సగం ఊడిపోయినా మిగిలిన సగాన్ని మోస్తున్న వాసాల మీద, వాటిని అంత పొందికగా బిగించిన చేతుల మీద విస్మయం. ఇక్కడ అద్భుతరసం అంగి, అంటే ప్రధానం; కరుణ దానికి అంగం. ఆ వరస తారుమారైన ఫొటోలు గ్రీటింగ్ కార్డుల పాలవుతాయి.

నెబ్రాస్కాలో పుట్టిన రచయిత, ఫొటోగ్రాఫర్ రైట్ మారిస్‌కి ఈ సంగతి బాగా తెలుసు. 1948లో వచ్చిన 'ది హోమ్ ప్లేస్' అనే నవలలో కథకు ఎదురుగా ఫొటోలు పెట్టాడు: కుర్చీ, వంటింటి సొరుగు, కొట్టం. అవి శీతాకాలపు ఫొటోలని కాదు నేను చెప్పేది. అరిగిన వస్తువు ముందు ఆయన కెమెరా పాటించే మర్యాద గురించి. నెబ్రాస్కాలోనే నార్ఫోక్ దగ్గరి పొలంలో తీసిన ఒక ఫొటోలో ఆయన హ్యారీ మామయ్య బార్న్‌లోకి అడుగు పెడుతుంటాడు. మనకు కనిపించేది వీపే. మనిషిని చూపించి కూడా ఆలంబనను సగం దాచిపెట్టిన ఆ నేర్పు నాకు మహా ఇష్టం.

దీనికి పూర్తి భిన్నంగా వ్యోమింగ్‌లో మోర్మన్ రో అనే చోటు ఉంది. టీటన్ శిఖరాల ముందు మోల్టన్ కుటుంబం కట్టుకున్న బార్న్, ప్రపంచంలో అత్యధికంగా ఫొటోలకెక్కిన కొట్టాల్లో ఒకటి. అందమే, కాదనను. 4,199 మీటర్ల గ్రాండ్ టీటన్ వెనక నిలబడితే ఏ కప్పయినా ఆ కొండకు నమస్కరిస్తున్నట్టే ఉంటుంది. నాకు కావలసింది నమస్కరించాల్సిన కొండ లేని బార్న్.

పనిలో చిక్కులు రెండు చెప్పాలి. కెమెరా మీటరు లోకమంతా మధ్యస్థపు బూడిద రంగని నమ్ముతుంది. అది చెప్పినట్టు వింటే మంచు మాసిన పంచె రంగులో పడుతుంది. ఒకటి నుంచి రెండు స్టాపులు ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. రెండోది అడుగుజాడలు. ముందు నడిచి తర్వాత ఆలోచించే అలవాటు ఇక్కడ చెల్లదు. తొక్కిన మంచు మళ్ళీ కురిస్తేగానీ మానదు. ఎక్కడ నిలబడాలో దూరంనుంచే తేల్చుకోవాలి.

మరి ఈ కట్టడాలు ఎందుకు ఖాళీ అయ్యాయి? 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాలిచ్చి, అయిదేళ్ళు నివసించి సాగుచేస్తే నీదే అంది. వానలు తక్కువైన మైదానంలో ఆ చెక్క చాలలేదు. 1920ల్లో ధరలు పడ్డాయి, 1930ల్లో కరువొచ్చింది, ట్రాక్టరొచ్చింది. ఉత్తర డకోటా జనాభా 1930లో 6,80,845. ఎనభై ఏళ్ళ తర్వాత, 2010లో, 6,72,591. ఉన్నవాళ్ళలోనూ ఎక్కువమంది పట్నాలకు చేరారు.

ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ 1938లో టెక్సస్‌లోని చిల్డ్రెస్ కౌంటీలో తీసిన ఫొటో ఉంది. ఖాళీ ఇల్లు, దాని చుట్టూ గోడ దాకా దున్నేసిన చాళ్ళు. కౌలుదార్లను యంత్రం ఎలా వెళ్ళగొట్టిందో ఆ చాళ్ళే చెబుతాయి. నేనింతసేపు పొగిడిన మంచు సరిగ్గా ఆ చాళ్ళనే కప్పేస్తుంది. అందుకే దట్టంగా కురిసిన రోజుకన్నా పల్చగా కురిసిన రోజే మేలంటాను. అప్పుడు గోధుమ కొయ్యకాళ్ళు వరసలు వరసలుగా పైకి తేలి గోడ దాకా సాగుతాయి. ఇల్లు వదిలేశారుగానీ పొలాన్ని ఎవరూ వదల్లేదు. ఇంకెవరో, ఇంకెంతో పెద్ద కమతంలో కలుపుకుని, నిరుడు కూడా విత్తారు, కోశారు.