సుబ్బయ్య బల్ల ముందు కెమెరా

తెలుగు సినిమా హీరో పొద్దున్నే బండి తీసి ఆఫీసుకు బయల్దేరతాడు. తర్వాతి షాట్‌కల్లా సాయంత్రమైపోతుంది. మధ్యలో ఏ ఫైలు తీశాడు, ఎవరి సంతకం కోసం ఎంతసేపు నిలబడ్డాడు, టిఫిన్ డబ్బా ఎవరి పక్కన కూర్చుని విప్పాడు అన్నవి కథకు పట్టవు. ఎవరూ లేని ఒక ఉద్యోగి గురించి చీకటి సినిమా తీయాలనుకునే కుర్రాళ్లు కూడా ఇదే పని చేస్తారు. అద్దె గది, నీలం లైటు, కిటికీ మీద వాన, వెనక నుంచి బరువైన గొంతుతో స్వగతం. ఆఫీసు మాత్రం ఉండదు. ఆ మనిషిని అలా చేసిన ఎనిమిది గంటలనే వదిలేసి, మిగిలిన రాత్రికి రంగులు వేస్తే ఏం లాభమని ఈ కాలమిస్టు చాలాకాలంగా అడుగుతున్నాడు.

మన నవల మాత్రం ఆఫీసు బల్ల దగ్గర ఎప్పుడో కూర్చుంది. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య గుమాస్తా. పైవాడన్నా భయం, పక్కవాడన్నా భయం, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర తెచ్చిన అప్పు తలచుకుంటే ఒళ్లంతా చెమట. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి, జేమ్స్ జాయిస్ పద్ధతిని చదువుకుని, ఆ భయాన్ని సుబ్బయ్య తలలోంచే రాశాడు. అంతకు కొన్నేళ్ల ముందే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును సృష్టించాడు. గోపీచంద్ సినిమాల్లోనూ పనిచేశాడు, 1950లో ‘లక్ష్మమ్మ’కు దర్శకత్వం వహించాడు. సీతారామారావు మాత్రం కాగితం మీదే ఉండిపోయాడు. ఇద్దరిలో ఎవరిని తెరకెక్కించాలని అడిగితే ఈ కాలమిస్టు ఓటు సుబ్బయ్యకే. సీతారామారావు పతనంలో తత్వం పాలు ఎక్కువ. సుబ్బయ్య భయానికి ఒక బల్ల ఉంది, ఒక బిల్లు ఉంది, ఒక అప్పు ఉంది. కెమెరాకు అలాంటివి కావాలి.

తలలోని భయాన్ని బయట ఎలా చూపించాలి? ఈ పనిలో ఆరితేరినవాళ్లు మాటల జోలికి పోలేదు. 1928లో కింగ్ విడోర్ ‘ది క్రౌడ్’ తీసినప్పుడు కెమెరా న్యూయార్క్ ఆకాశహర్మ్యం గోడ వెంట పైకి పాకి, ఒక కిటికీలోంచి లోపలికి దూరి, వరసలు వరసలుగా ఉన్న వందల బల్లల మీదుగా సాగి ఒక గుమాస్తా దగ్గర ఆగుతుంది. అతని బల్ల నెంబరు 137. ఇంకేమీ చెప్పనక్కర్లేదు. 1960లో బిల్లీ వైల్డర్ ‘ది అపార్ట్‌మెంట్’కు కళా దర్శకుడు అలెగ్జాండర్ ట్రౌనర్ అంతులేని ఆఫీసును స్టూడియోలోనే కట్టాడు. వెనక్కి పోయేకొద్దీ బల్లలు చిన్నవి, వాటి ముందు కూర్చున్న మనుషులూ పొట్టివాళ్లు. కంటికి మాత్రం ఆ హాలు మైలు పొడవున కనిపిస్తుంది. ఆ ఏడాది ఆస్కార్ ట్రౌనర్‌కు దక్కింది.

జపాన్ దర్శకుడు కురొసావా దారి వేరు. 1952 నాటి ‘ఇకిరు’ మొదటి షాటే కథానాయకుడు వతనబె కడుపు ఎక్స్‌రే. తర్వాత ఆ సెక్షన్ అధికారి కాగితాల గుట్టల మధ్య కూర్చుని ముద్రలు గుద్దుతూ కనిపిస్తాడు. మురుగు గుంటను పూడ్చి పిల్లలకు పార్కు కట్టించమని వచ్చిన ఆడవాళ్లను ఒక విభాగం ఇంకో విభాగానికి, అది మరో విభాగానికి పంపుతూనే ఉంటుంది. ఆ తిప్పడాన్ని కురొసావా ఒక్క మెట్టూ వదలకుండా చూపించాడు. ప్రేక్షకుడికి విసుగు రావాలి, ఆ విసుగులోంచే వతనబె ముప్పై ఏళ్ల ఉద్యోగం అర్థమవ్వాలి. ఎడిటింగ్ టేబుల్ దగ్గర అందరూ ముందు కోసేసేది సరిగ్గా ఇలాంటి భాగాన్నే.

ఇంత దూరం పోకుండానే ఈ విద్య నేర్చుకోవచ్చు. దర్శకుడు బి. నర్సింగరావుది పాత మెదక్ జిల్లాలోని ప్రజ్ఞాపూర్. ‘రంగుల కల’లో నగరంలో ఇమడలేని చిత్రకారుడిగా ఆయనే నటించాడు. 1988 నాటి ‘దాసి’లో దొర గడీలోని కమలాక్షి రోజంతా చేసే చాకిరీయే కథ. సంభాషణలు బహు తక్కువ. పనిని పక్కన నిలబడి చూస్తూ పోతే చాలు, చీకటి దానంతట అదే కమ్ముకుంటుందని ఆ సినిమా రుజువు చేసింది. ఉత్తమ నటిగా అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. గడీలో సాధ్యమైనది ఫ్యాక్టరీ ఆఫీసులో ఎందుకు సాధ్యం కాదు?

అందుకే సుబ్బయ్యను ఇవాళ విశాఖ నుంచి తెచ్చి, అదే పాత మెదక్ జిల్లాలో పటాన్‌చెరు దగ్గరున్న రుద్రారంలో దింపాలనిపిస్తుంది. 65వ నెంబరు జాతీయ రహదారి పక్కన గీతం విశ్వవిద్యాలయం, తోషిబా ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ, సంకష్టహర చతుర్థి నాడు కిటకిటలాడే గణేశ్‌గడ్డ గుడి. కాస్త ఇవతల ఇస్నాపూర్ చౌరస్తా, లోపలికి తిరిగితే పాశమైలారం పారిశ్రామికవాడ. షిఫ్టు బస్సులు, షేర్ ఆటోలు, టీ కొట్లు, ‘బ్యాచిలర్లకు ఇవ్వబడదు’ అని రాసిన టులెట్ బోర్డులు. లొకేషన్ కోసం వెతకాల్సిన పని లేదు.

సుబ్బయ్యకు స్టోర్స్‌లో ఉద్యోగం ఇవ్వాలి. పనేమిటో చూడండి. ముడిసరుకు లారీ గేటు దగ్గర ఆగుతుంది. సెక్యూరిటీ చలాన్ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేస్తాడు. బండి వేబ్రిడ్జి ఎక్కి దిగుతుంది. తూకం చీటీ, చలాన్, ఇన్వాయిస్ మూడూ స్టోర్స్ బల్ల మీదికొస్తాయి. వాటిని పర్చేజ్ ఆర్డర్‌తో సరిచూసి జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు చీటీ, కొట్టాలి. ఒక్క డ్రమ్ము తేడా వచ్చిందంటే అంతా అక్కడే ఆగుతుంది. ‘శాంపిల్ పాసయ్యేదాకా ముట్టుకోవద్దు’ అంటారు క్వాలిటీ వాళ్లు. ‘మెషీన్ ఖాళీగా ఉంది, ఇండెంట్ ఎప్పుడో పెట్టాం కదా’ అని ప్రొడక్షన్ నుంచి ఫోన్ మీద ఫోన్. డ్రైవరేమో కిటికీ దగ్గర నిలబడి, అన్‌లోడింగ్ ఇప్పుడే అయిపోవాలని హిందీలో గట్టిగా గొడవ. అందరికీ ఆ కుర్చీలోని మనిషి సంతకం కావాలి. ఫోన్లో మాత్రం ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘హలో, స్టోర్సా? ఎంతసేపయ్యా?’ అంటారు. ఈ ఒక్క గంటను కోయకుండా చూపిస్తే, రాత్రి గదిలో అతను ఎవరికీ ఫోన్ చేయకుండా ఎందుకు కూర్చున్నాడో వాయిస్ ఓవర్ పెట్టి చెప్పనక్కర్లేదు.

గవరయ్యకూ కొత్త వేషం దొరుకుతుంది. మనుషుల్ని సరఫరా చేసే లేబర్ కాంట్రాక్టరో, నాసిరకం సరుకు పాస్ చేయించుకోవాల్సిన సప్లయరో. సుబ్బయ్యకు చెల్లెలి పెళ్లికి చేబదులు ఇచ్చినవాడు, రేపు ఒక తూకం చీటీ దగ్గర కళ్లు మూసుకోమంటాడు. నవలలోని ఉచ్చు ఇక్కడికి చక్కగా సరిపోతుంది.

ఒక హెచ్చరిక. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడుకు నలభై మందికి పైగా బలయ్యారు. వాళ్లలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఈ ప్రాంతంలో సినిమా తీసేవాళ్లకు దాన్ని క్లైమాక్సుగా వాడుకోవాలన్న ఆశ పుడుతుంది. పుట్టగానే చంపేయాలి. ఆ కుటుంబాల దుఃఖం ఒక పాత్ర ఒంటరితనానికి అలంకారం కాకూడదు. సుబ్బయ్య కథకు పేలుడు అక్కర్లేదు, తుపాకీ కూడా అక్కర్లేదు.

నటులెవరన్నది అడగాల్సిన ప్రశ్నే. 2018లో వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’లో నలభై తొమ్మిదేళ్ల పెళ్లికాని అటెండర్ రాజుగా ఆ ఊరి మనిషినే నిలబెట్టాడు. మిగతా పాత్రల్లోనూ చాలామంది కంచరపాలెం వాళ్లే. అది వెలుతురున్న సినిమా, నిజమే. కానీ ఫైలు మోసే చెయ్యి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లను తెచ్చుకోవాలన్న పాఠం చీకటి సినిమాకూ పనికొస్తుంది. రుద్రారంలో అలాంటి ముఖాలు జనరల్ షిఫ్టు వదిలే వేళ ఏ గేటు ముందు నిలబడినా కనిపిస్తాయి. పంచ్ కొట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బండి తీసేవాణ్ని గమనించాలి.

తీసేవాళ్లెవరైనా ఉంటే మార్చి నెలాఖరులో మొదలుపెట్టడం మంచిది. స్టాకు లెక్కలు అప్పుడే తేల్చాలి, ఆడిటర్లు వస్తారు, స్టోర్స్‌లో రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు వెలుగుతాయి. ప్రతి ర్యాకు దగ్గరా ఒకడు అంకె చదువుతుంటే ఇంకొకడు రాసుకుంటుంటాడు. ఆ శబ్దాన్ని అక్కడే రికార్డు చేసుకోవాలి, డబ్బింగ్ థియేటర్‌లో అది పుట్టదు.