కైఫియతు, వికీ వ్యాసం: తిరువూరు మండల గ్రామవృత్తాంతాలలో చెప్పే మనిషి

ఊరి పేరునే శీర్షికగా పెట్టుకొని ఊరిని వర్ణించే గద్యం తెలుగులో రెండుసార్లు పెద్దయెత్తున పుట్టింది. కాలిన్ మెకంజీ పనుపున కావలి వెంకట బొర్రయ్య ప్రారంభించగా, 1803లో ఆయన మరణించిన తరువాత సోదరుడు లక్ష్మయ్య ముందుకు నడిపిన సేకరణలోని కైఫియతులు మొదటివి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోని గ్రామవ్యాసాలు రెండవవి. కైఫియతులపై చరిత్రశాఖలూ తెలుగుశాఖలూ చెప్పుకోదగిన కృషి చేశాయి. గ్రామవ్యాసాలను విద్యార్థులు, విలేకరులు, ఊరు విడిచి దూరాన స్థిరపడినవారు నిత్యం చదువుతున్నారు కాని, వాటిని ఒక గద్యరీతిగా పరిశీలించిన విమర్శ అరుదు. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు మండలంలోని గ్రామాల వ్యాసాలను ఆధారంగా తీసుకొని, వాటిలో చెప్పే మనిషి ఎవరు, ఆ మనిషి ఏమయ్యాడు అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కాకర్ల, కోకిలంపాడు, మల్లేల, మునుకుళ్ళ, ముష్టికుంట్ల, రోలుపడి, వామకుంట్ల, వావిలాల: వినడానికి ఒకదానికొకటి పోలికలేని పేర్లు. వీటి వ్యాసాలను వరుసగా చదివితే మాత్రం ఒకే వ్యాసాన్ని అంకెలు మార్చి మళ్ళీ మళ్ళీ చదివినట్లుంటుంది. ఈ సామ్యం యాదృచ్ఛికం కాదు. 2011 జనాభా లెక్కల గ్రామసూచికలోని పట్టికలను వాక్యాలుగా మార్చి, అన్ని ఊళ్ళకూ ఒకే అచ్చులో పోసిన గద్యమిది. విద్య, వైద్యం, తాగునీరు, పారిశుధ్యం, సమాచార రవాణా సౌకర్యాలు, విద్యుత్తు, భూవినియోగం, నీటిపారుదల అన్న వరుస ఏ ఊరికీ మారదు.

ఈ గద్యపు వాక్యనిర్మాణం గమనింపదగినది. ఇందులోని వాక్యాలు అధికభాగం సప్తమ్యర్థకమైన ‘గ్రామంలో’తో మొదలై ‘ఉంది’, ‘లేదు’, ‘ఉన్నాయి’ అన్న అస్తినాస్తి క్రియలతో ముగుస్తాయి. చేసేవాడు లేడు, చేసిన పని లేదు. బడి ఉంటుంది, దానిని ఎవరు కట్టించారో ఉండదు. చెరువు కింద ఇన్ని హెక్టార్ల సాగు ఉంటుంది, ఆ చెరువు పేరు ఉండదు. మనుషులు కనిపించేది ఇళ్ళ సంఖ్య, పురుషులు, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలు అన్న లెక్కలలోనే. లేని సౌకర్యానికి దూరం చెప్పడంలోనూ మూడే మెట్లున్నాయి: ఐదు కిలోమీటర్ల లోపు, ఐదు నుండి పది, పదికి పైన. గ్రామసూచిక దూరాలను మూడు సంకేతాక్షరాలతో గుర్తించడమే దీనికి కారణం. వైద్యం కోసం ఊరివాళ్ళు తిరువూరుకే వెళతారా, సరిహద్దు దాటి సత్తుపల్లికి వెళతారా, జాతీయ రహదారి పట్టుకొని విజయవాడకు వెళతారా అన్నది ఆ మూడక్షరాలకు అందదు.

ఈ సంకేతాల గద్యం ఒకచోట తనకు తెలియకుండానే వ్యంగ్యంగా మారుతుంది. గ్రామసూచిక సమాచార సౌకర్యాల కింద ఇంటర్నెట్ కెఫె ఉందా, లేకుంటే ఎంత దూరంలో ఉంది అని అడిగింది. ఆ జవాబు వ్యాసంలో వాక్యమై నిలిచిపోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత చౌక డేటా పల్లెలకు చేరింది. ఇంటర్నెట్ తమ ఊరికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉందన్న వాక్యాన్ని ఊరి మనిషి తన చేతిలోని ఇంటర్నెట్‌లోనే చదువుకుంటున్నాడు. వాక్యం పాతబడిందనడం తేలిక. కాలం గడిస్తే ఏ వృత్తాంతమైనా పాతబడుతుంది. ఇక్కడి చిక్కు వేరు. ఊరివాడికి అది తప్పని తెలుసు. దానిని దిద్దే మీట కూడా అదే పుటలో ఉంది. అయినా దిద్దడానికి అతనికి అధికారం ఉందని ఆ గద్యంలోని ఏ వాక్యమూ అతనికి స్ఫురింపజేయదు. అతనితో మాట్లాడే గొంతు అందులో లేదు.

ఇందుకు వ్యాసాలను నిర్మించినవారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆంగ్లంలో పట్టికల రూపంలో పడివున్న ప్రభుత్వ సమాచారాన్ని వేలాది ఊళ్ళకు తెలుగు వాక్యాలుగా మార్చిన స్వచ్ఛంద శ్రమ సామాన్యమైనది కాదు. దానికోసం వారు ఒక పరిభాషనూ తయారు చేసుకున్నారు. చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అన్నారు, పదేపదే వాడే అచ్చును ‘మూస’ అన్నారు, సభ్యులందరూ చేరి తర్కించుకొనే పుటకు ‘రచ్చబండ’ అని పేరు పెట్టారు. పల్లె నుండి తెచ్చుకొన్న ఈ మాటలు చక్కగా కుదిరాయి. అయితే విజ్ఞానసర్వస్వపు రచ్చబండపై వాడుకరులు ఏకాభిప్రాయానికి వచ్చి నియమాలు ఏర్పరచవచ్చు గాని, మునుకుళ్ళ రచ్చబండపై పెద్దలు చెప్పిన మాట మునుకుళ్ళ వ్యాసానికి ఆధారం కాలేదు. ఏ మాటకైనా ప్రచురితమైన ఆధారం చూపాలన్నది అక్కడి మూలసూత్రం. అబద్ధాన్ని అడ్డుకోవడానికి అంతకంటే మెరుగైన కంచె ఇంతవరకు ఎవరూ వేయలేదు. ఆ కంచె లోపలికి రాలేనిది ఏమిటన్నదే విమర్శకు ముఖ్యం.

కైఫియతుతో పోలిక ఇక్కడ అవసరమవుతుంది. కైఫియతును పల్లె స్వచ్ఛమైన గొంతుగా కీర్తించే అలవాటు పరిశోధకులలో ఉంది. అదీ ప్రశ్నావళికి జవాబే. అడిగింది కంపెనీ కొలువులోని సర్వేయరు. చెప్పిన కరణానికి మిరాసీ నిలుపుకోవాలన్న ఆశ, మాన్యాలు కాపాడుకోవాలన్న జాగ్రత్త ఉన్నాయి. భూమి లేనివారు, ఆడవారు అందులో దాదాపు నోరు విప్పరు. ఇన్ని ఉన్నా కైఫియతులో అడగని సంగతి దొరుకుతుంది. గ్రామం ఎలా ఏర్పడిందని అడిగితే కరణం గుడి వెలసిన కథ చెబుతాడు, ఏ రాజు ఏ చెరువు తవ్వించాడో చెబుతాడు, దాయాదుల తగాదానూ మధ్యలో తెస్తాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన గ్రంథంలో దక్షిణభారతపు చరిత్రస్పృహను గుర్తించింది ఇటువంటి కరణాల గద్యసంస్కృతిలోనే. ఆ జవాబుకు వెనుక కవిలెకట్ట ఉంది. తాత రాసినదాన్ని తండ్రి, తండ్రి రాసినదాన్ని కొడుకు ఎత్తి రాసుకొనే వ్రాతసంప్రదాయం అది. అంటే కైఫియతు నాటికి చెప్పేవాడూ దాచేవాడూ ఒక్కడే. ఆ పెత్తనం పోవలసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది, 1985లో మండలాలు వచ్చాయి. పెత్తనంతోపాటు దాచే బాధ్యత కూడా ఎవరిదీ కాకుండా పోయింది.

వికీ వ్యాసాలలో మూసకు లొంగని పొర ఒకటుంది, పాఠకుడు నిలిచి చదవవలసింది దానినే. ఉమ్మడి కృష్ణా జిల్లా గ్రామవ్యాసాలలో చాలాచోట్ల సౌకర్యాల జాబితాలకు పైనో కిందనో ‘గ్రామ విశేషాలు’, ‘దర్శనీయ ప్రదేశాలు’, ‘గ్రామ పంచాయతీ’ వంటి శీర్షికల కింద చిన్నచిన్న వార్తావాక్యాలు కనిపిస్తాయి. 2013 జూలై పంచాయతీ ఎన్నికలలో గెలిచినవారు, గుడి వార్షికోత్సవం, బడికి గదులు కట్టించిన పూర్వవిద్యార్థి, ఆటల పోటీలలో రాణించిన పిల్లలు వాటిలోని విషయాలు. ఆధారం తరచు దినపత్రిక జిల్లా సంచిక, తేదీతో, పుట సంఖ్యతో సహా. 1989లో ‘ఈనాడు’ ప్రారంభించిన జిల్లా సంచికలు ఊరి వార్తను అచ్చుకెక్కించాయి. ఎవరో ఓపికగల వాడుకరులు ఆ అచ్చును వ్యాసంలోకి ఎక్కించారు. ఈ వాక్యాలలో కర్త ఉన్నాడు. ‘ఎన్నికయ్యారు’, ‘నిర్మించారు’, ‘గెలుపొందారు’ అన్న క్రియలు ‘ఉంది–లేదు’ల ఎడారిలో నీటిచెలమల్లా కనబడతాయి. వీటిలో అమరిక లేదు, కొన్ని విజ్ఞానసర్వస్వానికి తగవన్న ఆక్షేపణలోనూ కొంత నిజం ఉంది. గద్యంగా చూస్తే మాత్రం వ్యాసంలో జీవమున్న భాగం ఇదే. దీని పరిమితి పత్రిక పరిమితే. దాతలు, అధికారులు, ఆలయ కమిటీలు చేరినంత సులభంగా కూలికి వెళ్ళేవారు జిల్లా పుటకు చేరరు.

మరి ఊరు తన సమాచారాన్ని నేడు ఎక్కడ పంచుకొంటున్నది? చావుకబురు, కరెంటు కోత, సచివాలయపు ప్రకటన, నున్న మార్కెట్లో మామిడి ధర, జాతర చందాల లెక్క తిరిగేది వాట్సాప్ సమూహాలలో. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ ద్వారా ప్రభుత్వ సేవలు సైతం అదే దారిలోకి వచ్చాయి. సమూహపు భాష వికీ గద్యానికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. అక్కడ చెప్పేవాడి పేరు ముందుగా కనిపిస్తుంది; సంబోధన ఉంటుంది; వాదం ఉంటుంది; చదువురానివారు సైతం గొంతు రికార్డు చేసి పంపగలరు. కైఫియతులో, పత్రికలో చోటు దొరకనివారికి చోటు దొరికిందంటే ఇక్కడే. అలాగని వదంతులూ తక్కువ కావు. అన్నిటికంటే పెద్ద లోటు నిలవ లేకపోవడం. ఫోను మారితే సంభాషణ పోతుంది, సమూహం నుండి తొలగినవాడికి తలుపు మూసుకొంటుంది, పరిశోధకుడు వెతికి పట్టుకొనే దారే లేదు. నిలిచే పుటలో గొంతు లేదు, గొంతున్న చోట నిలకడ లేదు. కరణంలో ఒక్కటిగా ఉన్న రెండు పనులు ఇలా రెండు చోట్లకు విడిపోయాయి.

ఈ విభజనలో తెలుగుశాఖల పాత్ర చిన్నది కాదని చూపడానికి ఊళ్ళ పేర్లే చాలు. ‘తిరు’, ‘ఊరు’ కలిసినప్పుడు తెలుగు ఉత్వసంధి ప్రకారం ‘తిరూరు’ కావాలి. ‘తిరువూరు’లో తమిళంలో వలె వకారాగమం వచ్చింది. పేరు పెట్టినవారి భాషను గురించి, బహుశా వైష్ణవ సంబంధాన్ని గురించి, ఇది ఆలోచింపజేస్తుంది. ముష్టికుంట్ల మొదటి పదాన్ని బిచ్చమనే అర్థంలో తీసుకొంటే ఊరికి అవమానం. విషముష్టి చెట్టని తీసుకొంటే చెట్టు, కుంట కలిసిన సహజమైన గ్రామనామం. వావిలాలలో వావిలి చెట్టును చూడవచ్చు. కడప ఊళ్ళ పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన 1976లో గ్రంథంగా రావడం వల్ల, ఆ జిల్లా పేర్లను వివరించేవారికి పేర్కొనడానికి ఒక ఆధారం ఉంది. అచ్చులో లేని ఊహను, అది ఎంత సబబైనా, ‘మౌలిక పరిశోధన’ అన్న పేరుతో వికీ నిరాకరిస్తుంది, నిరాకరించడం సరైనదే.

ఊళ్ళ పేర్లపైన, స్థలపురాణాలపైన, మండల మాండలికాలపైన విశ్వవిద్యాలయాలలో ఎన్నో ఎం.ఫిల్. పరిశోధనలు జరిగాయి. ఊరివారి నోటిమాటను పద్ధతిగా సేకరించి, చెప్పినవారి వయస్సు, వృత్తితో సహా నమోదు చేసిన రచనలవి. కరణం చేయనిదీ, జనాభా లెక్కలు చేయలేనిదీ అదే. శోధ్‌గంగ రాకకు ముందటివి చాలావరకు టైపు ప్రతులుగానే గ్రంథాలయపు అలమరలలో ఉన్నాయి. ఆ ఊరివారికి అవి ఉన్నాయనే తెలియదు. ముష్టికుంట్లకు చెందిన పిల్లవాడు తన ఊరి పేరుకు అర్థం వెతికితే నేడు మొదట ఎదురయ్యేది జనాభా అంకె. ఆ తరువాత, ఇంటర్నెట్ కెఫెకు దూరం.