నిండు గర్భిణికి ఆరుబయట పడక

కడుపుతో ఉన్న మనిషి ఏదడిగినా కాదనకూడదంటారు మన ఇళ్లలో. పుల్ల మామిడికాయ తినాలనుందంటే కాలం కాని కాలంలో కూడా వెతికి తెస్తారు. అదే మనిషి ఒక్క రాత్రి చెట్ల కింద పడుకోవాలనుందంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. నిజానికి మన పురాణాల్లో గర్భిణి కోరిన కోర్కెల్లో అందరికీ తెలిసినది ఇదే. నీకేం కావాలో చెప్పమని రాముడు అడిగితే, గంగ ఒడ్డున మునుల ఆశ్రమాలు చూడాలనీ, ఒక్క రాత్రయినా అక్కడ ఉండాలనీ సీత అడుగుతుంది వాల్మీకి ఉత్తరకాండలో. ఆమెను అడవిలో వదిలి రావడానికి ఆ కోరికే సాకయింది. ఆ కథ వింటూ పెరిగినందుకేమో, గర్భిణి అనే మాటా అడవి అనే మాటా పక్కపక్కన వినపడితే మనకు శిక్షే గుర్తొస్తుంది. కోరిక గురించి ఎవరూ ఆలోచించరు. నేను చాలాసార్లు ఆలోచించాను. లోపల బిడ్డ తిరుగుతూ ఉంటే, ఊపిరి పైపైనే ఆడుతూ ఉంటే, పైకప్పు లేని చోటుకి పోవాలనిపించడం ఎంత సహజమో ఆ నెలల్లో నాకు తెలిసింది.

నాకు పెళ్లికి ముందు నుంచీ టెంటు అలవాటు. మా ఆయనకూ అంతే. ఎనిమిదో నెలలో, డిసెంబరు చలిలో, వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో ఒక రాత్రి ఉండొద్దామనుకున్నాం. "ఇన్నాళ్లు ఓర్చుకున్నావు, ఇంకో రెణ్ణెల్లు ఓర్చుకోలేవా తల్లీ" అంది మా అమ్మ. ఆగేలా లేమని తెలిశాక మా అత్తగారు, "వెళ్తే వెళ్లండి, అక్కడ ఎలా ఉన్నా సర్దుకోవాలి మరి" అన్నారు. గర్భిణిని మనవాళ్లు మెచ్చుకునేది ఎక్కువగా ఆ ఓర్పును చూసే. ఆరుబయట పడకకు ఓర్పు పనికిరాదని నా గట్టి నమ్మకం. నడుం నొప్పి భరిస్తూ, మూత్రం ఆపుకుంటూ, చలికి ముడుచుకుంటూ తెల్లారేదాకా గడిపితే చెట్టూ చుక్కా ఏదీ కంటికి ఆనదు. ఏది ఇబ్బంది పెడుతుందో ఇంట్లోనే ఆలోచించి, ఒక్కోదానికి ఒక్కో ఏర్పాటు చేసుకోవాలి. ఇందులో పనితనమంతా అదే.

డాక్టరమ్మ సరేనన్నాకే మిగతా ఆలోచన. బీపీ ఎక్కువున్నవాళ్లు, మాయ కిందికి ఉన్నవాళ్లు, కవలలను మోస్తున్నవాళ్లు, మధ్యలో రక్తం కనబడినవాళ్లు, గతంలో నెలలు నిండకుండా కాన్పయినవాళ్లు ఈ సరదా తర్వాతికి దాచుకోవడమే మంచిది. నాకు అలాంటివేవీ లేవు. డాక్టరమ్మ అడిగింది ఒకటే: "రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఎంతసేపట్లో ఆసుపత్రిలో ఉంటారు?"

చోటు ఎంపికంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది. అంతకుముందు మేం వెళ్లే చోట్లకు బండి దిగి మూటలు మోసుకుంటూ చాలా దూరం నడవాలి. ఈసారి కారు ఆగిన చోటే టెంటు వేయగలగాలి, ఫోనుకు సిగ్నల్ ఉండాలి, శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గర్లో ఉండాలి. హైదరాబాద్ నుంచి డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ పట్నానికి అయిదారు కిలోమీటర్లలోనే ఉంది కాబట్టి అనంతగిరిని ఎంచుకున్నాం. అక్కడ టెంట్లకు చోటిచ్చే తోటలున్నాయి. రాత్రి మనసు మారితే గది తీసుకోవడానికి టూరిజం వాళ్ల హరిత రిసార్టు ఉంది. అలా మనసు మార్చుకునే వీలుండటం కూడా సౌకర్యంలో భాగమే.

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడేల్లో నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఇప్పటికీ డోలీ కట్టి, కొండ దింపి, రోడ్డు దాకా మోసుకొస్తున్నారు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 బండి ఎంత వేగంగా వచ్చినా రోడ్డున్న మేరకే కదా రాగలిగేది. ఆ తల్లులకు దూరాన్ని ఎంచుకునే అవకాశమే లేదు. మాకు ఉంది. ఉండి కూడా, ఆ డోలీ ఫొటోలు చూసి కూడా, సాహసం పేరుతో రోడ్డుకు దూరంగా వెళ్లడం నాకు చేతకాదు.

మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా ప్రయాణం. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు చూస్తూ పోవడమే ఒక సుఖం. గర్భిణికి కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ కాబట్టి మధ్యలో దిగి నాలుగడుగులు నడిచాను. సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీదుగా కాకుండా పొట్ట కిందగా, తుంటి ఎముకల మీద పడాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. పొట్ట నొక్కుకుపోతుందని చాలామంది బెల్టే తీసేస్తారు. అంత ప్రమాదం ఇంకోటి లేదు.

ఇక పడక. నా శ్రద్ధలో సగానికి పైగా దీని మీదే పెట్టాను. ఇరవై ఎనిమిది వారాలు దాటాక వెల్లకిలా నిద్రపోవద్దంటారు. బరువెక్కిన గర్భసంచి వెన్ను పక్కనుంచి గుండెకు పోయే పెద్ద సిరను నొక్కి, రక్తం తిరగడాన్ని తగ్గిస్తుంది. అంటే పక్కకు తిరిగి పడుకోవాలి. పక్కకు తిరిగితే ఒంటి బరువంతా ఒక భుజం మీదా ఒక తుంటి మీదా పడుతుంది. అప్పటికే కీళ్ల బంధనాలు వదులై ఉంటాయి. మామూలు రోజుల్లో మేం పరుచుకునే పల్చటి చాప ఆ తుంటికి ఏ మాత్రం చాలదు. గాలి పరుపు మెత్తగానే ఉంటుంది. కానీ రాత్రి చలికి లోపలి గాలి కుంచించుకుని తెల్లారేసరికి నడుం దగ్గర దిగిపోతుంది. పైగా నేల మీంచి లేవడం! ఎనిమిదో నెలలో నేల మీద పడుకున్న మనిషి లేవాలంటే ముందు పక్కకు దొర్లి, మోచేతి మీద ఆని, మోకాళ్ల మీదికొచ్చి, ఎవరి చెయ్యో పట్టుకోవాలి. రాత్రికి నాలుగైదుసార్లు అదంతా చేయడమంటే నిద్ర ఊసెత్తనక్కర్లేదు.

అందుకని మంచమే తీసుకెళ్లాం. పెళ్లిళ్లప్పుడు చుట్టాల కోసం అటక మీంచి దించే ఇనప మడత మంచం, నవారుది. నిటారుగా నిలబడగలిగేంత ఎత్తున్న పెద్ద టెంటు అద్దెకు తెచ్చాం. మంచం కోళ్లు టెంటు అడుగుగుడ్డను చింపకుండా వాటి కింద పాత రబ్బరు చెప్పుల ముక్కలు పెట్టాం. తలవైపు కోళ్ల కింద చెరో ఇటుక పెట్టి ఎత్తు చేశాడు మా ఆయన. ఆ నెలల్లో పడుకోగానే పులితేన్పులు గొంతులోకి ఎగదన్నుతాయి. తల ఎత్తు మీదుంటే అది చాలా తగ్గుతుంది. నవారు కింద నుంచి చల్లగాలి వీపుకు తగులుతుంది కాబట్టి మంచం మీద ముందు మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత, దాని మీద దూది పరుపు వేశాం. స్లీపింగ్ బ్యాగు జిప్పు మొత్తం తీసేసి దుప్పటిలా కప్పుకున్నాను. దాంట్లో దూరి జిప్పేసుకుంటే పక్కకు తిరగలేం, చప్పున లేవలేం. దిండ్లు మాత్రం ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చాను. తల కింద ఒకటి, మోకాళ్ల మధ్య ఒకటి, పొట్ట కింద పల్చటిది ఒకటి, నిద్రలో వెల్లకిలా దొర్లకుండా వీపు వెనక బరువైనది ఒకటి. కారు డిక్కీ దిండ్లతో నిండిపోతే తోట కాపలాదారు ఆశ్చర్యపోయాడు. నేనైతే ఒక్కటీ వదలను.

తర్వాతి సంగతి మూత్రం. ఇది చెప్పడానికి ఆడవాళ్లం మొహమాటపడతాం. గర్భిణులు బయటికెళ్లినప్పుడు నీళ్లు తాగడం మానేసేది ఈ మొహమాటం వల్లే. నీళ్లు తగ్గితే ఉత్తుత్తి నొప్పులు ఎక్కువవుతాయి, మూత్రంలో ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. నీళ్లు తగ్గించుకునే బదులు మరుగుదొడ్డినే దగ్గరికి తెచ్చుకోవాలి. కోఠిలో సర్జికల్ దుకాణాల్లో, మంచాన పడిన పెద్దవాళ్ల కోసం మడతపెట్టే కమోడ్ కుర్చీ అమ్ముతారు. అది టెంటులోనే ఒక మూల పెట్టి, మధ్యన పాత చీర తెరగా కట్టాం. మూత ఉన్న బకెట్టు, కొంచెం ఫినాయిలు, చేతికందే చోట టార్చి. చీకట్లో రాళ్లలో కాలు తడబడుతుందన్న భయం లేదు, పురుగూ పుట్రా భయం లేదు. పొట్ట ముందుకొచ్చాక ఒంటి బరువు నిలిచే తీరే మారిపోతుంది. పగలు ఇబ్బంది లేకుండా నడిచే చోట కూడా రాత్రి పడిపోవచ్చు. ఆ ఏర్పాటు ఉంది కాబట్టే సాయంత్రమంతా కడుపునిండా నీళ్లు తాగగలిగాను.

ఆ నీళ్ల విషయంలో మాత్రం రాజీ వద్దు. కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్-ఇ మామూలుగా వచ్చి తగ్గిపోయే కామెర్ల జబ్బే. కానీ చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే నూటికి ఇరవై, పాతికమంది దాకా ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. ఇది తెలిశాక ఎంత తియ్యటి ఊటనీళ్లని చెప్పినా నోట పోసుకోలేదు. ఇంట్లో కాచిన నీళ్ల డబ్బా, అది అయిపోతే అక్కడ స్టవ్ మీద మరగబెట్టినవి, అంతే. పచ్చిపాలు, బయటి కోసిన పళ్లు, చట్నీలు ముట్టలేదు. మధ్యాహ్నం పులిహోర తిన్నాం. చింతపండు రాత్రికి పనికిరాదు కాబట్టి పొద్దు వాలకముందే పెసరపప్పు వేసిన మెత్తటి పొంగలి తిని, ఆ తర్వాత చాలాసేపు కూర్చునే ఉన్నాను. అర్ధరాత్రి ఆకలేస్తే తినడానికి మరమరాలు, అరటిపండు మంచం పక్కనే ఉంచుకున్నా.

కూర్చోవడం అన్నాను కదా, క్యాంపు కుర్చీలు చాలావరకు నేలబారుగా ఉండి, కూలబడితే లేవనివ్వవు. మేం ఇంట్లోని చేతుల కుర్చీ తీసుకెళ్లాం. కాళ్ల వాపు తగ్గడానికి ఎదురుగా ఒక స్టూలు. ఆ కుర్చీ బయట వేసే చలిమంటకు గాలివాటంగా కాకుండా, పొగ తగలని వైపు ఉండాలి. అనంతగిరిలో డిసెంబరు రాత్రుళ్లు బాగా చలి. అలాంటి చోట్ల కుంపటిలో బొగ్గులు రాజేసి టెంటులోకి తెచ్చుకునేవాళ్లను నేను చూశాను. గర్భిణి ఉన్న చోట ఈ పని ఎప్పుడూ చేయొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. బొగ్గుల మీంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తల్లి రక్తంలోంచి పోయాక కూడా బిడ్డ రక్తంలో అది ఎక్కువసేపు నిలుస్తుంది. చలికి ఉన్ని సాక్సూ మంకీ క్యాపూ చాలు. ఆ నెలల్లో మన ఒళ్లే వెచ్చగా ఉంటుంది.

ఆ వెచ్చదనానికే దోమలు కూడా ఎక్కువ వస్తాయి. ఆఫ్రికాలోని గాంబియాలో జరిగిన ఒక పరిశోధన, 2000లో అచ్చయింది, మలేరియా దోమలు మామూలు ఆడవాళ్ల కంటే గర్భిణుల వైపు రెట్టింపు సంఖ్యలో వస్తున్నాయని చూపింది. ఊపిరి ఎక్కువగా వదలడం, పొట్ట దగ్గర వేడి ఎక్కువగా ఉండటం కారణాలట. పొద్దుగూకకముందే చేతులూ కాళ్లూ నిండా కప్పే బట్టలు వేసుకుని, టెంటు జాలీ మూసి ఉంచాం.

టెంటు వేయడం, మేకులు కొట్టడం, బకెట్టు పారబోయడం, పొద్దున్నే అన్నీ విప్పి సర్దడం మా ఆయన పనులు. పొద్దునపూట నేను కుర్చీలో కూర్చుని చెట్లలో పిట్టల అరుపులు విన్నాను. లోపల బిడ్డ కూడా బాగా తిరిగింది. బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా, నొప్పులు ఒక వరసలో వచ్చినా టెంటు అక్కడే వదిలేసి కారెక్కాలని ముందే అనుకున్నాం. కారు ముక్కు రోడ్డు వైపే పెట్టాం. తాళాలు, స్కానింగ్ రిపోర్టుల ఫైలు మంచం తలాపునే ఉన్నాయి. ఆ ఫైలు పక్కన ఉందనే నాకు కంటినిండా నిద్ర పట్టింది.

ఇప్పుడు వైజాగ్‌లో మా చెల్లెలికి ఏడో నెల. అరకు వెళ్తానంది. నాకూ అరకంటే ప్రాణం. కానీ మూడు గంటలకు పైగా ప్రయాణం, ఘాట్ రోడ్డు మలుపులు, పులితేన్పులతో సతమతమయ్యే మనిషి. భీమిలి దగ్గర జీడితోట ఒకటి చూసుకోమన్నాను. ఆసుపత్రి అరగంట దూరంలో ఉందని కారులో వెళ్లి చూసొచ్చాకే ఒప్పుకుంది. మడత మంచం, చెప్పుల ముక్కలతో సహా, ఆర్టీసీ కార్గోలో వేశాను. ఇటుకలు అక్కడే దొరుకుతాయి. సముద్రం గాలికి ఆ ఇసుక నేలలో మామూలు మేకులు నిలవవు కాబట్టి, గోనెసంచుల్లో ఇసుక నింపి టెంటు తాళ్లు వాటికి కట్టమని మా మరిదికి చెప్పాను.